తుమ్ముతోటి పోయిన వాసన

ఆర్మూర్ల పసుపు సీజన్ మొదలైతె గంగాకిషన్ తల కుడిపక్క నొప్పి గూడ మొదలైతది. ట్రాక్టర్లు పెర్కిట్ దాటి గోదాంల ముంగట వరుస కట్టే దినాలల్ల, పొద్దున లేస్తనే కుడి కన్ను వెనకాల ఎవరో మేకు పెట్టి నిదానంగ కొడుతున్నట్టుంటది. ఆయన లేచి గోడకు ఆనుకొని, ఎటూ చూడకుండ కాసేపు కూసుంటడు. ఆయన భార్య పద్మలత అప్పటికే ఒళ్లో చేట పెట్టుకొని బీడీలు చుడుతుంటది. తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. గా తంబాకు దుమ్ముకు ఆమె ముక్కు పెండ్లైన కొత్తలనే చచ్చిపోయింది. పొయ్యి మీద కూర మాడినా పక్కింటోళ్లు వచ్చి చెప్పాలె. పొద్దుగాల అలసట మనుషులకంటె ముందే లేచి ఇంట్ల కూసుంటది.

గంగాకిషన్ బతుకంత ముక్కు మీదనే. బాబురావు సేటు గోదాంల ఆయన పని వాసన చూసుడు. రైతు సంచి విప్పంగనే అడుగుకెల్లి ఒక పసుపు కొమ్ము తీస్తడు, పుటుక్కున విరుస్తడు, ముక్కు దగ్గర పెట్టుకుంటడు. సరిగ ఉడికిందా, లోపల తేమ ఉన్నదా, బూజు పట్టిందా, ఒక్క ఊపిరిల చెప్తడు. సేటు తేమ చూసే మిషను కొన్నడు. కొన్నా, మిషను ఏం చెప్పినా ఆఖరికి గంగాకిషన్ మొఖమే చూస్తడు. పాలిచ్చే బర్రె తన్నులు ఓర్వాలె అంటరు. ఆయన గూడ ఆ ముక్కు పక్కనున్న నొప్పిని ఇన్నేండ్లు ఓర్చిండు.

మందులు వాడకపోలేదు. నిజామాబాద్ల డాక్టరు గోలీలిచ్చిండు. మంచి గోలీలే, నొప్పి తగ్గింది, కాని పట్టపగలు సంచుల మీద పడి నిద్రపోయిండు, కడుపుల మంట లేచింది. తక్కువ డోసుది రాస్త, వచ్చి చూపించుకుంట ఉండు అన్నడు డాక్టరు. సీజన్ల ఎవరు పోతరు? అంగట్ల అమ్మే ముక్కుపొడి పీల్చి చూసిండు. అది తంబాకు. పూట గడవకముందే ముక్కు ఇంకో చిటికెడు అడిగింది. నొప్పికి తోడు అలవాటొకటి అయింది, విడిపించుకునేసరికి ఎండకాలం అయిపోయింది.

ఆఖరికి మిగిలింది పెర్కిట్ల వహీదా బీ ఆకుల పొడి. తుమ్మికూర, తులసి, శొంఠి, ఇంక ఆమెకే తెలిసినయి ఏవో ఎండబెట్టి దంచి పల్చటి బట్టల జల్లిస్తది. తంబాకును దగ్గరికి రానియ్యది. చిటికెడు పీలిస్తె పెద్ద తుమ్ము వస్తది, తుమ్ముతోటి నొప్పి ఎగిరిపోతది. దాని వెంబడి ఏదో ఒక వాసన గూడ పోతది, మళ్ల రాదు. ఇది ఆర్మూర్ల అందరికి ఎరుకే. ఒక ఆటో ఆయనకు పెట్రోలు వాసన పోయింది, ఆయన ఫికర్ చెయ్యలే. మోరీ పక్కన ఇల్లున్న ఒకామెకు మోరీ వాసనే పోతె వాడంత లడ్డూలు పంచింది. మరి ఒక మిఠాయి దుకాణపాయనకు నెయ్యి వాసన పోయింది, దుకాణమే మూతపడ్డది. వహీదా బీ ఎవరికీ ఏమీ దాచది.

"నొప్పి పోతది భయ్యా, గది నా జిమ్మ. ఏ వాసన పోతదో నా చేతుల లేదు. ఇంట్ల జర సోచాయించుకొని పీల్చు" అంటది, పొట్లం కట్టుకుంటనే.

డాక్టరుకు చెప్తె ఆయన గూడ దానికేం ఆశ్చర్యపోలే. వాసన సంగతి అటుంచు, ముక్కు లోపల పుండైతది, ఏం కలిపిండ్రో తెల్వని పొడి పీల్చకు అన్నడు. అదీ నిజమే.

గంగాకిషన్ నొప్పికి తాళలేనప్పుడల్ల పీల్చిండు. చేపల వాసన పోయింది, వాన పడ్డ మన్ను వాసన పోయింది, ఇంక ఏవేవో పోయినయి. ఆ తుమ్ము మామూలు తుమ్ము కాదు, పానమే ముక్కులకెల్లి పోతదా అన్నట్టుంటది. అందుకే పద్మలత పక్కనే కూసుండి, ఆయన తుమ్మంగనే అరచెయ్యి మాడు మీద అదిమి "నూరేండ్లు" అంటది, తల్లులు పిల్లలకు అన్నట్టె.

ఈ యేడు నొప్పి పట్టుకొని వదల్లే. ఒకనాడు కన్ను తెరువ చాతగాక సేటుకు ఫోన్ చేసి రానన్నడు. సేటు మంచోడే, కాని గోదాం ముంగట బండ్లు ఆగినయి. రేపు గూడ రాకపోతె ఇంకొకన్ని చూసుకుంట అన్నడు. గంగాకిషన్ పొట్లం ముంగట పెట్టుకున్నడు.

"పీల్చకపోతె పని పోతది. పీలిస్తె పసుపు వాసనే పోతె?"

పద్మలత చేట పక్కన పెట్టింది. "లోకంల ఎన్ని వాసనల్లేవు. గదే ఎందుకు పోతది?"

"మిఠాయి ఆయన గూడ గట్లనే అనుకున్నడు."

"అయితె నడువు, డాక్టరు దగ్గరికి పోదాం."

"ఆ గోలీలకు రేపు మళ్ల సంచుల మీదనే నిద్రపోత. పని ఉంటదా?"

ఆయన చిటికెడు తీసి పీల్చిండు. తుమ్ముకు చూరు కింది పిచ్చుకలు లేచిపోయినయి. ఆమె మాడు అదిమి నూరేండ్లన్నది. నొప్పి దిగిపోయింది. ఆయన లేచి వంటింట్ల పసుపు డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నడు. మళ్ల మళ్ల వాసన చూసిండు.

పద్మలతకు అర్థమైంది. డబ్బా చేతులకెల్లి తీసుకొని మూత పెట్టబోయి ఆగింది.

"గిది పచ్చివాసన కొడుతున్నది, సగమే ఉడికిన పసుపు. దుకాణపోడు మనల్ని మోసం చేసిండు" అన్నది మెల్లగ.

గంగాకిషన్ ఆమె దిక్కు చూసిండు.

"ముందుగాల చేపల వాసన వచ్చింది" అన్నది తల దించుకొని. "తర్వాత వానది. నీకు పోయినయి నాకు వస్తున్నయని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

ఆయన తిట్టలే. గోదాంల నమూనాకు తీసి తన బండి డిక్కీల పెట్టుకున్న పసుపు కొమ్ములు తెచ్చి ఆమె ముంగట పోసిండు. పొద్దుగూకేదాక ఆమె విరిచి వాసన చెప్పింది, అది దేని వాసనో ఆయన చెప్పిండు.

తెల్లారి ఇద్దరు గోదాంకు పోయిండ్రు. ఏందిరా, పద్మలత చెల్లెను తోల్కొచ్చినవ్ అని సేటు అడిగిండు. ఇగ ముక్కు ఈమె తాన ఉన్నది సేట్ అన్నడు గంగాకిషన్. సేటు ఒక నిమిషం ఆలోచించి సంచులు చూపించిండు. పద్మలత ఒక కొమ్ము విరిచింది, ఇంకోటి విరిచింది. మీది సంచి బంగారం, కిందిదాంట్ల తేమ ఉన్నదన్నది. సంచులు తెచ్చిన ముప్కాల్ ఊరి రైతు గుణుక్కుంటనే ఒప్పుకున్నడు, కింది సంచి మంచుల తడిసిందట. సేటు ఆమెకు కుర్చీ వేయించిండు.

ఇప్పుడు చేట గంగాకిషన్ ఒళ్లో ఉంటది. ఆయన చుట్టిన బీడీలు నడుమ ఉబ్బి ఉంటయి, సగం కార్ఖానాల తీసి పారేస్తరు. ఒక పొద్దుమూకి పద్మలత ఒళ్లంత పసుపుతోటి ఇంటికొచ్చి, గోడకు ఆనుకొని, కుడి కన్ను అరచేత మూసుకున్నది. ఆయన ఏమీ అడగకుండ వహీదా బీ పొట్లం తెచ్చి విప్పబోయిండు. ఆమె ఆయన చెయ్యి పట్టుకున్నది.

"వద్దు. ఇన్నేండ్లకు వచ్చినయి. ఒక్కటి గూడ పోనియ్య."

"మరి నొప్పి?"

"రేపు నిజామాబాద్ తోల్కపో. గా తక్కువ గోలీ రాయించుకుంట. నిద్రొస్తె సేటు కుర్చీలనే పడుకుంట."

ఆయన పొట్లం పక్కన పెట్టి ఆమెను ఆనుకొని కూసున్నడు. ఆమె తల ఆయన భుజం మీద వాల్చి, కండ్లు మూసుకొని, జరసేపటికి తల పక్కకు తీసింది.

"ఇగో, నువ్వు ఇయ్యాల తానం జెయ్యలే."

చెమట వాసన ఆయనకు ఎప్పుడో పోయింది. గంగాకిషన్ అంగి ఎత్తి చూసుకొని, ఏమీ తెల్వక, నీళ్లు కాగబెట్టనీకి లేచిండు.