మూడు బాటల కాడ కోడిగుడ్డు

మంటను చూసి జడుసుకునే వంటవాడు ఎవరికి కావాలి? దుబాయ్‌లో అయితే అసలే అక్కర్లేదు. ఆ సంగతి ప్రమోద్‌కు ఒకరు చెప్పాల్సిన పని లేదు గానీ, మేనేజర్ అన్నాక షాహబాజ్ చెప్పకుండా ఊరుకుంటాడా? గురువారం పొద్దున అందరి ముందూ అనేశాడు.

"కల్ సే చూల్హే పే ఖడే రహో, నహీ తో టికెట్ కటాదూంగా. ఖలాస్." రేపటి నుంచి పొయ్యి ముందు నిలబడకపోతే ఇంటికి టికెట్ కొనిస్తాడట, అంతేనట.

ప్రమోద్‌ది మెట్‌పల్లి పక్కన పల్లె. అల్ వర్సాన్ గోదాముల్లో డబ్బాలు మోయడానికి వచ్చాడు. ఆ గోదాముల వెనక ఒక చిన్న హోటల్ ఉంది, లావో వాళ్ళ తిండి దొరికేది. లావోస్ అంటే థాయిలాండ్ పక్కన, సముద్రమే లేని చిన్న దేశమని వాడికి అప్పటిదాకా తెలీదు. ఒకరోజు గోడ నీడన నిలబడి ఒక్కడే ఎండు ఖుబూస్ రొట్టె నములుతుంటే, వెనక తలుపులోంచి యాభై దాటిన ఒక ఆడమనిషి చెయ్యి ఊపి పిలిచింది. ఆమే పెద్ద వంటమనిషి కేవ్. ఒంటరిగా తినేవాణ్ణి చూస్తే లావో వాళ్ళకు ముద్ద దిగదు. లోపల అందరూ చాప మీద కూర్చుని, ఒకే వెదురు బుట్టలోంచి జిగురన్నం చేత్తో తీసుకుని, ముద్ద చేసి, పచ్చడిలో అద్దుకుని తింటున్నారు. ఆఖరి మనిషి కూర్చునేదాకా ఎవరూ మొదలుపెట్టలేదు. ప్రమోద్‌కు కళ్ళు తడిసాయి. ఆ పచ్చడి కారం వల్లేనని బుకాయించాడులెండి.

వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌ను ఒప్పించి వాణ్ణి వంటింట్లోకి తెచ్చుకున్నది కూడా ఆమే. ఇప్పుడు వాళ్ళ ఫ్లాట్‌లోనే ఒక గదిలో ఉంటాడు. 'పా కేవ్' అని పిలుస్తాడు. లావోలో పా అంటే పెద్దమ్మ. ఇన్నాళ్ళలో ఆ వంటింట్లో ఒకరు ఇంకొకరి మీద గొంతు లేపగా వాడు వినలేదు. గిన్నె జారి పగిలినా, కూర మాడినా "బో పెన్ యాంగ్" అంటారు, పర్వాలేదు అని. మన ఊళ్ళో అయితే ఆ మాడిన కూరకు తాతల కాలం దాకా తిట్లు పడేవి.

పోయిన నెల బాణలిలో నూనె అంటుకుని మంట మొహం మీదికి లేచింది. కనుబొమ్మలు కాలాయి. అవి మళ్ళీ మొలిచాయి గానీ ధైర్యం మొలవలేదు. పొయ్యి వెలిగించబోతే చెయ్యి గజగజ వణుకుతుంది. అప్పటి నుంచి గిన్నెలు తోముతున్నాడు.

షాహబాజ్ మాట విన్న రోజునే, మధ్యాహ్నం హోటల్ మూసిన వేళ, కేవ్ వాణ్ణి ఫ్లాట్‌లో చాప మీద కూర్చోబెట్టింది. అరిటాకుల గోపురం, దాని చుట్టూ బంతిపూలు, తెల్ల నూలు దారాలు, ఉడికించిన కోడిగుడ్డు, జిగురన్నం. "మనిషికి ముప్పై రెండు ప్రాణాలు. నువ్వు భయపడినప్పుడు ఒకటి పారిపోయింది. పిలుస్తున్నాం," అంది లేబర్ క్యాంపుల్లో నేర్చుకున్న తన హిందీలో. గుడ్డూ అన్నమూ వాడి అరచేతిలో పెట్టి, ఒక్కొక్కరూ వచ్చి మణికట్టుకు దారం కట్టి దీవించారు.

ప్రమోద్‌కు ఒళ్ళు పులకరించింది. ఓహో, జడుపు తీస్తున్నారన్నమాట! మన దగ్గర ఉన్నదే! దారం, గుడ్డు, అన్నం, అన్నీ అవే. తీసినవి మూడు బాటల కాడ పారేసి రావాలని వాడికి ఒకరు నేర్పాలా? అందరూ భోజనానికి బుట్టలు సర్దుతుండగా గుడ్డూ అన్నమూ పట్టుకుని చల్లగా జారుకున్నాడు. గోదాముల మధ్య మూడు బాటలు కలిసే చోట పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చి, గుమ్మం ముందు కాళ్ళు కడుక్కుని మరీ లోపలికి అడుగుపెట్టాడు.

"గుడ్డు తిన్నావా?" అని అడిగింది కేవ్.

"తినుడేంది పెద్దమ్మా? బయట పారేసి వచ్చిన!" తన తెలివికి తానే మురిసిపోతూ తెలుగులోనే అనేసి, మళ్ళీ హిందీలో చెప్పాడు.

వంటింట్లో పనిచేసే ఒక పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిలిచిన ప్రాణం వచ్చి కూర్చునేది ఆ గుడ్డులోనేనట. దాన్ని తింటేనే ఒంట్లో చేరుతుందట. వీడు తిరిగొచ్చిన ప్రాణాన్ని చేజేతులా బజారుపాలు చేసి వచ్చాడు. ప్రమోద్ తల వేలాడేశాడు. ఇప్పుడైనా తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది కూడా.

"బో పెన్ యాంగ్," అని లేచింది కేవ్. "ఇంకా దూరం పోయుండదు." నూడుల్స్ దేవే పొడుగు కాడ జల్లెడ చేతికి తీసుకుని బయల్దేరింది. వెనక అందరూ.

మూడు బాటల కాడ గోదాము కాపలాదారు పోశయ్య కుర్చీ వేసుకుని, వచ్చే పోయే వాళ్ళను పక్కకు మళ్ళిస్తున్నాడు. అన్నాన్ని అప్పటికే పిట్టలు తినేశాయి. పెంకుతో ఉన్న గుడ్డు మాత్రం అలాగే ఉంది.

"అటు పోకుండ్రి! ఎవడో లుచ్చగాడు తీసి పారేసిండు!"

"నేనే కాకా," అన్నాడు ప్రమోద్.

కేవ్ జల్లెడతో నీళ్ళలో చేపను దేవినట్టు గాలిని దేవుతూ లావోలో పిలిచింది. కాసేపటికి ఆగి, వాడి వైపు తిరిగింది. "దీనికి నా భాష రాదు. చిన్నప్పుడు పొద్దు గూకితే మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది?"

వాడు ఎట్లాగో చెప్పాడు. ఆమె రెండుసార్లు లోలోపల అనుకుని, జల్లెడ ఎత్తి, 'ర' నోరు తిరగకపోయినా ఆ లారీల మధ్య గొంతెత్తి పిలిచింది.

"ఓ పమోదూ... పొద్దువోయిందీ... బువ్వ తిందువు లా కొడుకా!"

వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. కేవ్ గుడ్డు తీసి, తన భుజం మీది కండువాతో తుడిచి, వాడి చేతిలో పెట్టింది. "తిను."

"అరే, తినకురా!" పోశయ్య కుర్చీలోంచి లేచాడు. "మూడు బాటల కాడిది ముడితేనే రక్తం కక్కుకుంటరు! నీకేమన్న పిచ్చి లేసిందా?"

చిన్నప్పటి నుంచి ప్రమోద్ విన్నదీ అదే. నిప్పు కన్నా ఎక్కువ భయపెట్టిన మాట అది. కానీ ఎదురుగా కేవ్ నిలబడి ఉంది, ముక్కూ మొహం తెలియని రోజున చాప మీద చోటిచ్చిన మనిషి. వాడు పెంకు ఒలిచాడు. కళ్ళు మూసుకుని గుడ్డు మొత్తం తినేశాడు. రక్తం కక్కలేదు. ఉప్పు లేదు, అంతే.

శుక్రవారం పొయ్యి వెలిగించేటప్పుడు వాడి చెయ్యి వణికింది. అబద్ధం ఎందుకు, బాగానే వణికింది. మంట భగ్గున లేచింది. వాడు మాత్రం వెనక్కి జరగలేదు. మూడు బాటల గుడ్డే తిన్నోణ్ణి, నువ్వెంత అనుకుని బాణలి ఎక్కించాడు. షాహబాజ్ గుమ్మంలోంచి తొంగి చూసి, తన పనిలోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అందరూ తినడానికి కూర్చునే వేళ వెనక తలుపు దగ్గర పోశయ్య తచ్చాడుతూ కనబడ్డాడు.

"ఏంది కాకా?"

"ఏం లేదురా..." పోశయ్య టోపీ తీసి చేతిలో నలిపాడు. "నీ పాణం నెల కిందనే పోయింది, దొరికింది. నాది ఈ దేశంల విమానం దిగిన్నాడే యాడనో పడిపోయింది. అంత పాతదైతే సుత పిలుస్తదా అడుగు."

ప్రమోద్ అడిగాడు. కేవ్ జరిగి చాప మీద చోటు చూపించి, తన మణికట్టు మీది దారమొకటి విప్పి పోశయ్య చేతికి కట్టింది. ఉడికించిన గుడ్డు తెచ్చి అరచేతిలో పెట్టింది. తర్వాత ఏదో అడిగింది.

"చిన్నప్పుడు మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేదని అడుగుతుంది కాకా."

పోశయ్య చాలాసేపు ఆలోచించాడు. గుడ్డును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

"యాదికొచ్చేదాక కూసుంటరా వీళ్ళు?" అన్నాడు.

కూర్చున్నారు. బుట్టలో అన్నం చల్లారుతున్నా ఒక్కరూ చెయ్యి పెట్టలేదు.