హద్దురాళ్లు మోసిన పడవ

పటేల్ మనిషి కర్రతో కొట్టిన దెబ్బకు లింగం నుదురు చిట్లింది. చెరువును నమ్ముకున్న నలభై ఇళ్ల జనం వానలో తడుస్తూ చూశారు. లింగం చేసిన నేరం ఒక్కటే, చేపల సంఘం పడవను దిబ్బ మీదికి ఎక్కిద్దామన్నాడు.

రెండువేల సంవత్సరం ఆగస్టు. రెండు రోజులుగా కుండపోత. శామీర్‌పేట చెరువు అలుగు దూకుతోంది. మరమ్మతుకని ఒడ్డున బోర్లించిన పడవను నీళ్లు అప్పుడే తాకుతున్నాయి. ఏటా వరద రాకముందే దాన్ని దిబ్బ మీదికి చేర్చేవాళ్లు. ఈ ఎండాకాలం సుధాకర్ పటేల్ ఆ దిబ్బ చుట్టూ రాతి కడీలు పాతి, ముళ్లతీగ బిగించి, ప్లాట్లంటూ బోర్డు పెట్టాడు. ఎవడబ్బ సొమ్మని? అది చెరువు శిఖం, నిండితే నీళ్లు నిలిచే నేల. అడిగే దిక్కు లేదన్న ధీమా అతనిది.

"పడవ లేని సంఘానికి చెరువెందుకురా? చేపల గుత్త నేను పట్టుకుంట," గొడుగు కింద నిలబడి నవ్వాడు పటేల్.

గుంపులో ఉన్న సత్తమ్మకు ఒళ్లు మండిపోయింది. ఉన్నది ఒక్కటే పడవ. అది పోతే తన పొయ్యితో పాటు నలభై పొయ్యిలు ఆరిపోతాయి.

"కాళ్లు మొక్కుదాం," అన్నాడు సంఘం పెద్ద నారాయణ. "లేకుంటే గా తుమ్మచెట్టుకు తాడు కురుచగ కట్టేద్దాం."

"కురుచగ కడితే నీళ్లు లేశినప్పుడు తాడే గుంజి ముంచుతది. ఎన్నడు పడవ కట్టలేదా నువ్వు?" కసిరింది సత్తమ్మ. "దిబ్బ ఎక్కాలె, గంతే."

పటేల్ దగ్గర కూలికి ఆ రాళ్లు పాతిన రావల్కోల్ ఊరి జంగయ్య గడ్డపారతో పక్కనే ఉన్నాడు.

"అక్కా, గవి నేనే పాతిన. గట్టిగ లేవు. జల్దీ కానియ్యుమని పటేలే తొందరపెట్టిండు."

"అయితే పీకుతవా?"

"కూలి పోతది." జంగయ్య పటేల్ వైపు చూశాడు, లింగం నెత్తుటి వైపు చూశాడు. "పోతే పోనీ."

మొదటి రాయి ఊడింది. కర్ర మళ్లీ లేచింది. ఈసారి దాని ముందు ఆడవాళ్లంతా వచ్చి నిలబడ్డారు. ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది.

పడవను తిప్పి, భుజాల మీద దిబ్బకు చేర్చారు. పాడు నీళ్లు అక్కడికీ వెంటపడ్డాయి.

"పీకిన కడీలు పడవల పరువుండ్రి! బరువుంటే కొట్టుకపోదు!" అరిచింది సత్తమ్మ. రాళ్లు పరిచారు, పైన బిందెలతో నీళ్లు నింపారు.

మర్నాడు మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. పడవ అంగుళం కదల్లేదు. వెంటనే పోలీసు జీపు దిగింది. పడవ కొట్టుకుపోబోతున్నప్పుడు ఏ జీపూ రాలేదు.

"రాళ్లు మళ్లీ హద్దు మీద పాతండి," గద్దించాడు ఎస్సై.

"ఏ హద్దు సారూ? నీళ్లు యాడిదాంక వచ్చినయో సూడు. గిది ప్లాటా, చెరువా?" అడిగింది సత్తమ్మ.

ప్లాట్ల బోర్డు మోకాలి లోతు నీళ్లలో ఉంది. ఎస్సై అటు చూసి, సత్తమ్మనూ జంగయ్యనూ జీపెక్కించాడు. పీడ వదిలిందనుకున్నాడు పటేల్.

జీపు ఇంకా కదలనేలేదు, నారాయణ గడ్డపార అందుకున్నాడు.

"పాతుమన్నరు గద, పాతుదాం పాండ్రి."

మిగిలిన వరుస రాళ్లన్నీ పీకారు. నీళ్లు తాకిన అంచు వెంట, బోర్డుకు చాలా అవతల, రోడ్డు పక్కన పాతుకుంటూ పోయారు. జీపులోంచి సత్తమ్మ కళ్లారా చూసింది.

"ఎవని భూమిల పాతుతున్నర్రా?" ఉరికొచ్చాడు పటేల్.

నారాయణ తలెత్తలేదు.

"జర అవతలికి జరుగు పటేలా. నువ్వు చెరువుల నిలవడ్డవ్."