తెల్లగోడకి సాక్షి

మా హాలు గోడ నీలం. నేనొక్కదాన్నే అనడం కాదు, పాలవాడు కూడా మాది "నీలం గోడ ఇల్లు" అనే గుర్తు పెట్టుకున్నాడు. మా ఆయన మాత్రం ఏడేళ్లుగా తెలుపంటారు. స్వయంగా కలిపి వేసుకున్న రంగు మరి! ముప్పై ఏళ్లుగా రంగుల షాపులో కంటిచూపుతోనే ఏ రంగైనా కలిపిచ్చే మనిషికి, గరిటె తిప్పుకునే నేను చెప్పొచ్చానా?

ఈమధ్య ఆయన కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పించుకుని ఇంటికొచ్చి, గోడ ముందు నిలబడి కుడికన్ను మూశారు. తర్వాత ఎడమకన్ను మూశారు. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. పలకరించడానికొచ్చి ఆ గోడ దగ్గరే కూర్చున్న ఎదురింటావిడ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "మీవారు నాకు కన్ను కొడుతున్నారేంటండీ!" అంది.

"ఒక కంటికి నీలం, ఒక కంటికి తెలుపు" అంటూ ఆయన కుర్చీలో కూలబడ్డారు.

సంగతి షాపు ఓనరుకి తెలిసింది. "రెండు కళ్లూ ఒక మాట మీదికొచ్చేదాకా డబ్బాలు ముట్టుకోకు. నెలాఖరులోగా రెండో కన్నూ చేయించుకో. లేదంటే రంగులు కలిపే మిషన్ కొనేస్తా" అన్నాడు. ఈయన ససేమిరా అన్నారు. ముప్పై ఏళ్ల ఉద్యోగం ఊడిపోతుందేమోనని నాకు ఒకటే గుండెదడ.

కాలేజీలో ఫిలాసఫీ చెప్పే మా తమ్ముడు పళ్లబుట్ట పట్టుకుని చూడ్డానికొచ్చాడు. వీడు నచ్చజెపుతాడనుకున్నాను, నా బుద్ధి తక్కువ.

"బావా, ఇది రెండు వేల ఏళ్ల తగాదా. కామెర్లు వచ్చినవాడికి తెల్లశంఖం పచ్చగా కనబడితే, పొరపాటు ఎక్కడుందని పూర్వం పండితులు తెగ కొట్టుకున్నారు. రంగు వస్తువులో ఉండదు, చూసేవాడిలోనే ఉంటుందని తేల్చినవాళ్లూ ఉన్నారు."

"అయితే మా గోడది ఏ రంగురా?" అన్నాను.

"గోడకి రంగే లేదక్కా."

"లేకపోతే నాలుగు డబ్బాలూ ఎక్కడ పోశార్రా, నీ నెత్తినా?"

ఈయన మాత్రం మురిసిపోయి బావమరిదికి ఇంకో అరటిపండు ఒలిచిచ్చారు.

వాడు వెళ్లాక నిలదీశాను. "ఎందుకండీ ఈ మొండితనం? భయమా?"

ఎడమకన్ను మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఈ కన్ను కూడా మారిస్తే ఇక గోడ నీలమే. ఎంతమంది ఇళ్లకి ఇలాంటి తెలుపు కలిపిచ్చానో! ఒళ్లు తెలీకుండా కలిపాడంటారు. నాకు తెల్లగానే కనబడిందని చెప్పడానికి ఈ కన్నొక్కటే సాక్షి" అన్నారు.

ఆయన కంట్లో పొర పసుపెక్కిందనీ, అందుకే నీలం ఎంత కలిపినా ఆనలేదనీ డాక్టరు అన్న మాట గుర్తొచ్చింది. పళ్లబుట్టకి చుట్టిన పసుపు ప్లాస్టిక్ కాగితం చింపి కళ్లకి అడ్డం పెట్టుకున్నాను.

అమ్మబాబోయ్! గోడ తెల్లగా ఉంది.

"ఏవండీ, తెలుపే! నాకూ తెలుపే! మీకు సాక్షిగా నేనున్నాను, పదండి ఆసుపత్రికి!" అని అరిచాను.

పదిరోజుల్లో రెండో కన్నూ అయింది. ఇంటికొచ్చి గోడకేసి చూసి, తలదించుకుని, "నీలమే" అన్నారు.

ఏడేళ్లుగా దాచుకున్న దెప్పిపొడుపులన్నీ నోటిదాకా వచ్చాయి. మింగేశాను.

"మొన్న నేను చూసినప్పుడు మాత్రం తెలుపేనండీ" అన్నాను.