ఖాళీ బోర్డు ఆదివారం

పక్కింటావిడ అందిట, "మీ కోడలికి ఆదివారం కూడా ఇల్లు పట్టదేంటండీ? మొగుడు సభకి వెళ్ళాడంటే అర్థముంది, ఆవిడకేం పనక్కడ?" అని. నాతో అనలేదు. పిట్టగోడ మీంచి మా అత్తయ్యతో అంది, బట్టలారేసుకుంటూ. అత్తయ్య ఆ మాటని ఒలకకుండా తెచ్చి ఆయనకి వడ్డించింది. ఆయన దానికి కాస్త నవ్వు కలిపి నాకందించాడు, నేను ఫ్లాస్కులు కడుగుతుంటే. "విన్నావా, నీకక్కడేం పనని వీధంతా అడుగుతోందట!" మూడు నోళ్ళు మారి వచ్చిన మాట కదా, ఎంగిలి వాసనేసింది. కానీ నిజం చెప్పొద్దూ, ఆ అనుమానం నాకూ ఉంది. నాకక్కడేం పని?

సభంటే మామూలు సభ కాదది. నెలకో ఆదివారం మా బళ్ళో టీచర్లూ, వీలైన తల్లిదండ్రులూ చేరతారు. ముఖ్య అతిథి ఉండడు, వేదిక ఉండదు, ఎవరేం మాట్లాడాలో ముందుగా ఎవరూ నిర్ణయించరు. పొద్దున్నే వరండాలో ఒక ఖాళీ బోర్డు పెడతారు. పిల్లలతోనో పాఠంతోనో ఎవరికి ఏ చిక్కొచ్చినా చీటీ మీద రాసి, ఏ గదిలో కూర్చుంటారో పక్కన వేసి, బోర్డుకి అంటించాలి. ఆ సంగతి కావలసినవాళ్ళు ఆ గదికి వెళ్తారు. కూర్చున్నాక పనికిరాదనిపిస్తే మధ్యలో లేచి ఇంకో గదికి పోవచ్చు, ఎవరూ మొహం మాడ్చుకోకూడదు. "ఇక్కడ పెద్దా చిన్నా లేదు. అందరం నేర్చుకునేవాళ్ళమే, అందరం నేర్పేవాళ్ళమే" అని మొదటి సభలో ఆయన చెప్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఆయన అదే బళ్ళో లెక్కల మాస్టారు, నేను చిన్న తరగతుల టీచర్ని. అందరం సమానమని చెప్పి, చప్పట్లు ఆగాక, ఆయన నా వైపు తిరిగి "టీ అయిందా?" అన్నాడు.

అప్పట్నుంచీ ఆ సమానంలో నా వాటా టీ. కుర్చీలు తుడవడం, కప్పులు లెక్కచూడటం, అందరూ వెళ్ళాక గదులు ఊడ్పించి తాళాలెయ్యడం కూడా నాదే. ఎవరూ చెయ్యమని చెప్పలేదు, ఎవరూ వద్దనీ అనలేదు. సభ మొదలయ్యాక ఆ గదులన్నీ నాకు గుమ్మాల దాకానే తెలుసు. ట్రే పట్టుకుని వెళ్తే లోపల మాటలు ఆగుతాయి, కప్పులందుకున్నాక మళ్ళీ మొదలవుతాయి. మధ్యలో లేచిపోవచ్చన్న నియమం ఎంత గొప్పదో అందరూ పొగుడుతుంటారు. లేచిపోవాలంటే ముందు కూర్చోవాలి కదా.

ఈసారి కూర్చోవాలనుకున్నాను. నా తరగతిలో ఒక పిల్ల ఉంది, బళ్ళో నోరు విప్పదు. మొద్దు కాదు. చాక్‌పీసు చేతికిస్తే లెక్క చకచకా చేసేస్తుంది, పక్కపిల్ల తప్పు రాస్తే వేలు పెట్టి చూపిస్తుంది. ఇంట్లో చెవులు చిల్లులు పడేలా వాగుతుందని వాళ్ళమ్మ ప్రమాణం చేసి చెప్తుంది. బడి గేటు దాటగానే ఆ మాటలన్నీ ఎక్కడ దాచుకుంటుందో! బతిమాలాను, కథలు చెప్పాను, పాటలు పాడించబోయాను. పెదవి కదల్చలేదు. నాకు తెలిసిన విద్యలన్నీ అయిపోయాయి. ఇంట్లో అడిగాను. "దానికి నోరుంది, నీకే ఓపిక లేదు" అన్నాడు ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా. అత్తయ్యైతే, "మాట్లాడని ఆడపిల్లా? ఎవరింటికెళ్తుందో కానీ వాళ్ళది అదృష్టమే" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. మిగతాది నేను గిన్నెలతో చెప్పుకున్నాను. ఈమధ్య గిన్నెలతో మాట్లాడటం ఎక్కువైంది. అవి నన్ను మధ్యలో ఆపవు.

అందుకే ఆదివారం పొద్దున్నే అందరికంటే ముందు టీ కాచి ఫ్లాస్కుల్లో పోసి, కప్పులు పక్కనే బోర్లించి, వెళ్ళి చీటీ అంటించాను. "బళ్ళో మాట్లాడని పిల్లతో ఏం చెయ్యాలి? మూల గది." వంకరగా ఉందని పీకి మళ్ళీ అంటించాను. ఇన్నేళ్ళుగా బోర్డు మీద రాసి బతుకుతున్నదాన్ని, ఆ బోర్డుకి కాగితం ముక్క అంటించడానికి ఇంత బెరుకు!

మైకు మాస్టారు చూశాడు. సైన్సు చెప్తాడాయన, మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడని పిల్లలు పెట్టిన పేరది. "ఓహో, మేడమ్‌గారు కూడానా! మరి టీ సంగతో?"

"ఫ్లాస్కుల్లో ఉందండీ. ఎవరికి కావాలంటే వాళ్ళు వంచుకోవడమే."

"వంచుకోవడమా?" అన్నాడు, ఎవరి ఆవుని వాళ్ళు పితుక్కోమన్నట్టు.

మూల గదిలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నాను. పక్క గది మా ఆయనది. ఇంటి దగ్గర పిల్లల చేత చదివించడం ఎలా అన్నది అక్కడి సంగతి. గోడ అవతల నవ్వులు, కుర్చీలు లాగుతున్న చప్పుడు, చోటు చాలక కిటికీలో కూర్చోమంటున్న ఆయన గొంతు. ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరు చదివిస్తారో నాకు తెలుసు కాబట్టి ఆ గోడ వంక చూసి నాలో నేనే నవ్వుకున్నాను. అడుగుల చప్పుడైతే చాలు, గుండె లేచి కూర్చునేది. మొదట ఒక టీచరమ్మ తొంగిచూసింది. "చక్కెర లేనిది ఏ ఫ్లాస్కండీ?" ఎర్ర మూతదని చెప్పాను. తర్వాత ఒక తండ్రి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇక్కడేం లేదా అండీ?" "ఉంది, రండి" అని లేచి నిలబడ్డాను. ఆయన కుర్చీల వంక చూసి, "లేదులెండి, ఎవరైనా ఉంటే కూర్చుందామని" అంటూ జారుకున్నాడు. ఆఖరికి మైకు మాస్టారొచ్చాడు. "ఎవరూ లేరుగా మేడమ్, కాస్త వచ్చి కప్పుల్లో పోసి పెట్టేద్దురూ."

"నేనున్నానుగా" అన్నాను.

ఆయన గదంతా ఒకసారి వెతికి చూశాడు. ఇంకెవరి గురించి చెప్తున్నానో అనుకున్నట్టున్నాడు.

ఆయన వెళ్ళాక, పోనీ చెప్పాలనుకున్నది నాకు నేనే చెప్పుకుందామని గొంతు సవరించుకున్నాను. వారం రోజులుగా కూర్చుకున్న మాటలు. కూరలు తరుగుతూ, పక్కలేస్తూ, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి ఒక్కొక్కటే ఏరి పెట్టుకున్నవి. ఒక్కటీ పైకి రాలేదు. ఖాళీ కుర్చీలు నన్నే చూస్తున్నాయి, నా గొంతు నాకే పరాయిదిలా ఉంది. అప్పుడు తట్టింది. ఆ పిల్ల దగ్గరికి మేమందరం ఏదో ఒకటి పట్టుకుపోదామనే వెళ్తాం. పేరు చెప్పు, పాఠం చెప్పు, ఎందుకు చెప్పవో చెప్పు. అది చెప్పగానే తీసుకుని ఇంకో పిల్ల దగ్గరికి వెళ్ళిపోతాం. ఊరికే దాని పక్కన కూర్చున్నవాళ్ళు లేరు. నేనూ కూర్చోలేదు. రేపు పొద్దున్నే ఆ చిన్న బల్ల మీద, దాని పక్కన, మోకాళ్ళు ముడుచుకునైనా కూర్చుంటాను. ఏమీ అడగను. ఆ ఆలోచన నాతో వచ్చి కుర్చీలో కూర్చున్నట్టయింది కానీ, దాన్ని చెప్పడానికి మళ్ళీ ఒక మనిషి కావాలనిపించి, కళ్ళు తడయ్యాయి.

గంట కొట్టారు. చివర్లో అందరూ వరండాలో గుండ్రంగా కూర్చుని ఆరోజు తెలుసుకున్నదాన్ని తలా ఒక మాటలో చెప్పడం ఆనవాయితీ. నేనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎన్నడూ లేనిది అక్కడ నేను కనిపించేసరికి ఇద్దరు నాకు ఖాళీ కప్పులు అందించారు. వాటిని కుర్చీ కింద పెట్టాను. ఆయన వంతొచ్చింది. తన గది ఎలా కిటకిటలాడిందో చెప్పి, నా వైపు చెయ్యి చూపించాడు. "మా ఆవిడ గదికి మాత్రం పిట్ట కూడా వాలలేదు. టీ మానుకుని మరీ కూర్చుంది పాపం!"

అందరూ నవ్వారు. ఆయన నవ్వులో విషం లేదు. ఉంటే బాగుండేది, ఉమ్మేసేదాన్ని.

"చీటీ నేనూ చూశానండీ, మంచి సంగతే" అంది చక్కెర లేని టీ టీచరమ్మ. "మేమూ చూశాం" అన్నారింకెవరో. "ఈసారి అందరం వెళ్దాంలెండి" అన్నాడు మైకు మాస్టారు, ఊరడింపుగా.

"అసలెందుకు రాలేదంటావు ఎవరూ?" అన్నాడాయన నాతో, ఇంకా నవ్వుతూనే.

ఇలాంటప్పుడు నేనూ నవ్వేసి, కప్పులు తీసే నెపంతో లేచిపోవడం మామూలు. కదల్లేదు.

"మీరెందుకు రాలేదు?"

ఆయన మైకు మాస్టారి వంక చూశాడు. మాస్టారు నేల వంక చూశాడు.

"నన్నా అడుగుతున్నావు?"

"మిమ్మల్నే. ఊళ్ళోవాళ్ళ సంగతి తర్వాత. మీరెందుకు రాలేదు?"