పండ్ల తొడుగు, మా అత్త విన్నపం

నిద్రలో పండ్లు కొరకడం ఒక జబ్బయితే, ఆ సంగతి మా అత్తకు తెలియడం ఇంకో జబ్బు. మొదటిదానికి ప్రొద్దుటూరులో డాక్టరుంది. రెండోదానికి ఎక్కడా లేదు.

చెప్పినవాడు నా మొగుడు సునీల్, పులివెందుల బస్సులో కండక్టరు. డ్యూటీ దిగి ఇంటికొస్తే పక్కన పిండిమర ఆడుతున్నట్టుందని, కన్ను మూతపడటం లేదని వాళ్ళమ్మ దగ్గర వాపోయాడట. అప్పటికి నా దవడ పన్ను ఒకటి నిలువునా చీలిపోతే పీకించుకుని వచ్చి వారం కూడా కాలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పండ్ల డాక్టరు సాజియా నా పై పండ్లకు అచ్చు తీసి, గాజులా కనిపించే గట్టి ప్లాస్టిక్ తొడుగు చేయించి ఇచ్చింది. నైట్ గార్డ్ అంటారు. పడుకునేముందు తగిలించుకోవాలి. పక్క పన్నుకూ సన్నగా గీత పడిందని, తొడుగు మానితే అదీ పోతుందని గట్టిగా చెప్పింది. నేను బడిలో రోజంతా పాఠాలు చెప్పే మనిషిని, నా పండ్లు నాకు కావాలి.

మా అత్త కరుణమ్మ ఏం చేసిందయ్యా అంటే, ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు లేచి నిలబడింది. కోడలు లిడియా రాత్రిళ్ళు పండ్లు కొరుకుతోందని, నరకంలో పడ్డవాళ్ళు చేస్తారని బైబిల్లో రాసున్న పని బతికుండగానే చేస్తోందని, అందరూ ప్రార్థించాలని వేడుకుంది. పక్కనే కూర్చున్న నేను ఎక్కడ తల దాచుకోను? జమ్మలమడుగు ఎంత ఊరని. మర్నాడు బడిలో పిల్లలు నన్ను చూసి నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ వారంలోనే సంఘం ఆడవాళ్ళు ఇంటికొచ్చి, నా తల మీద చేతులుంచి ప్రార్థన చేసి, టీ తాగి, మురుకులు తిని పోయారు. ఆ మురుకులు చేసింది కూడా నేనే.

తొడుగు పెట్టుకున్నాక చప్పుడు ఆగింది. ఆగకేం చేస్తుంది? మా అత్త మాత్రం ప్రార్థన ఫలించిందని వీధంతా చాటింది. వచ్చే ఆదివారం నేను నిలబడి, నాకు స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పాలట. నోట్లో ప్లాస్టిక్ పెట్టుకునే మనిషి అట్లా చెబితే అబద్ధమవుతుంది కాబట్టి, తొడుగు డబ్బా తీసి తన చేతిసంచిలో దాచేసింది. అడిగితే ఇవ్వదు, డాక్టరు మాట చెబితే వినదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పోనీ నేనే తీసుకుందామంటే ఆ సంచి ఆమె తలకింద, ఆమె మంచం వరండాలో. ఎండాకాలమైనా చలికాలమైనా ఆమె పడక అక్కడే. లోపల ఊపిరాడదంటుంది. ఎముకలు కొరికే చలిలో కూడా ముసుగు తన్ని అక్కడే పడుకుంటుంది. అంతా మొండితనం అనుకునేదాన్ని.

తొడుగు లేకుండా కొన్ని రాత్రులు గడిచేసరికి గీత పడిన పన్ను సలపడం మొదలుపెట్టింది. శనివారం ప్రొద్దుటూరు బస్సెక్కుతుంటే వెనకాలే మా అత్తా ఎక్కింది. డాక్టరుతో తనే మాట్లాడుతుందట.

సాజియా నా పన్ను చూసి, తొడుగు ఏదని అడిగింది. నేను అత్త వైపు చూశాను. ఆమె సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టి, ఇది మాకక్కర్లేదని, దేవుడే బాగుచేశాడని చెప్పింది. ఆ బాగైన పన్ను నాకు కణత దాకా పోటు పెడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనేదో అనేలోపు సాజియా, అత్త నోటివైపే చూస్తూ కుర్చీ చూపించింది.

"పెద్దమ్మా, ఈడ కూర్చో. ఒకసారి నోరు తెరువు."

మా అత్త బెదిరినట్టు చూసింది, అయినా కూర్చుంది. సాజియా నన్నూ పిలిచి చూపించింది. పైవీ కిందివీ అన్నీ తిరగలి రాళ్ళలా అరిగి చదునైపోయి ఉన్నాయి.

"ఎన్నేండ్ల నుంచి కొరుకుతాండావు, పెద్దమ్మా?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చర్చిలో జరిగిందంతా నేను కుర్చీ ఎక్కగానే మొరపెట్టుకున్నాను కాబట్టి సాజియాకు చెప్పాల్సింది తెలుసు. నిద్రలో దవడ తనంతట తానే బిగుసుకుంటుందని, ఎంతోమందికి ఉండేదేనని, పాపానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని నిదానంగా చెప్పి, ఆమె పండ్లకూ అచ్చు తీసింది. అత్త వద్దనలేదు.

తిరుగు బస్సులో నా డబ్బా నా ఒళ్ళోనే ఉంది, నా కోపమూ అట్లాగే ఉంది. తనకున్న జబ్బుకే నన్ను ఊరందరి ముందూ నిలబెట్టిందా? కడిగేద్దామని ఆమె వైపు తిరిగేసరికి ఆమే మొదలుపెట్టింది. సునీల్ కడుపులో ఉన్నప్పుడట. మా మామ సామ్యూల్, చర్చిలో ఉపదేశి, ఒక రాత్రి ఆమెను తట్టి లేపి, నరకంలో వినిపించే చప్పుడు నీ నోట్లోంచి వస్తోందన్నాడట. మర్నాడే ఆమె మంచం వరండాలోకి మారింది. ఆయన పోయి ఇన్నేళ్ళయినా అక్కడే ఉంది.

"నాకోసం ప్రార్థన చేయమని అడగను నోరు రాలేదు పాపా. నీ పేరు పెట్టి అడిగినా."

 కోపం పోలేదు, మామ మీదికి మళ్ళింది. చచ్చిపోయిన మనిషిని ఇప్పుడేమని నిలదీసేది?

ఆమె కిటికీ వైపు చూస్తూ అడిగింది.

"డాక్టరమ్మ చెప్పింది నిజమే అయితే, నేను లోపల పడుకోవచ్చునా?"

"ఈ పొద్దే మంచం లోపలేస్తా అత్తా."

"నా తొడుగు ఇంకా రాలేదు కదా. సునీల్‌కు నిద్ర పట్టదేమో."

"పట్టకుంటే ఆయనే పోయి వరండాలో పడుకుంటాడులే" అన్నాను.