ఆరో నెల గ్రహణం

పెనుకొండ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే ఉషారాణి, చెల్లెలు నిర్మలకు కొడుకు పుట్టాడని తెలిసి ధర్మవరం బస్సెక్కింది. తీరా పోయి చూస్తే బాలింతను మగ్గం గది వెనక చీకటి కొట్లో కూర్చోబెట్టారు. బిడ్డ మొహం మీద గుడ్డ. తీసి చూసింది. పైపెదవి ఒక పక్క ముక్కుదాకా చీలి ఉంది. గ్రహణం మొర్రి.

"గ్రహణం పూట కత్తెర ముట్టొద్దని నెత్తీనోరూ కొట్టుకుంటి. ఇంటే కదా!" అంది నిర్మల అత్త కుళ్ళాయమ్మ. "జరీ పోగులు కత్తిరిస్తా కూసున్నింది."

పక్కనే ఆమె అన్న గంగప్ప తలాడించాడు. ఎవరింట్లో పిల్లి తుమ్మినా దానికో శాంతి చెప్పగల ఘనుడు. "దోషం పోవాలంటే శాంతి చేపియ్యాల్సిందే," అన్నాడు.

ఉషారాణికి ఒళ్లు మండింది.

"గ్రహణం పట్టినప్పుడు దీనికి ఎన్నో నెల అత్తా?"

"ఆరో నెల."

"పెదవి అతుక్కునేది రెండో నెల్లోనే. ఆరో నెల గ్రహణం వెనక్కి నడిచిపోయి చీల్చిందా? బలే గ్రహణమే!"

నిర్మల మొగుడు మంజునాథ్ మగ్గం ఆపాడు. "మరి ఎట్ల చీలింది వదినా?"

"చీల్లేదబ్బా, కలవలేదు. పిండంలో తల వెనక పక్కనుంచి కణాలు బయల్దేరి, రెండు దిక్కులా మొహం కాడికి నడిచొస్తాయి. వాటికి కండ్లు లేవు, కాళ్లు లేవు. చుట్టూ ఉండే కణాలు వదిలే రసాయనాల జాడ పట్టుకుని, ఒకదాన్నొకటి తాకుతా, తోసుకుంటా దారి తెలుసుకుంటాయి. ముక్కు కింద అటువీ ఇటువీ కలిస్తేనే పెదవి. వీనికి ఒక పక్క కలవలేదు."

"ఎందుకు కలవలేదక్కా?" కొట్లోంచి నిర్మల అడిగింది.

ఉషారాణి తడబడింది. "వీనికి ఎందుకనేది కచ్చితంగా ఎవురూ చెప్పలేరు. నీ కత్తెర వల్ల మాత్రం కాదు."

గంగప్ప పకపకా నవ్వాడు. "ఇంతజేసీ మేడమ్‌కీ తెలీదంట!"

"తెలీదని చెప్పేకి నాకు సిగ్గులేదు మామా. తెలీకుండానే బాలింతను చీకట్లో కూసోబెట్టినారే, సిగ్గు మీకుండాల."

గంగప్ప కండువా దులుపుకుని లేచిపోయాడు. నిర్మల బిడ్డనెత్తుకుని నడింట్లోకి వచ్చి, అత్త ఎదురుగానే కూర్చుంది. పెళ్లయినప్పటి నుంచీ తల్లి మాటకు ఎదురు చెప్పని మంజునాథ్, "ఆపరేషన్ చేపిస్తాం," అన్నాడు. అదీ మగ్గం వైపు చూస్తూ.

బిడ్డ కాస్త ఒళ్లు చేశాక బెంగళూరులో పెదవి కుట్టించారు. తోడుకు కుళ్ళాయమ్మా పోయింది. ఉషారాణి ఆస్పత్రికి వెళ్లేసరికి ఆ మహాతల్లి పక్క మంచం దగ్గర నిలబడి, హిందూపురం నుంచి మొర్రి ఉన్న మనవరాలితో వచ్చిన ఒక అవ్వను దులిపేస్తోంది.

"గ్రహణమంట గ్రహణం! ఏం మనుషులమ్మా మీరు? కణాలు నడిచొచ్చి కలవలేదు, అంతే. కోడలేం చేస్తాది పాపం?"

ఉషారాణి నవ్వాపుకోలేక చెల్లెలి వైపు తిరిగింది. నిర్మల నవ్వలేదు.

"ఆ మాట నాతో మాత్రం ఇంతవరకూ అనలేదక్కా," అని బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది.