అట్ట మీద అంకెలు

సింహాద్రి కాలు ఆడించడం మానలేదు. పరీక్ష గదిలో ఎదురుగా కూర్చుని గిరీష్ హిందీలో జవాబులు చెబుతుంటే, ఒళ్లో మెత్తబడిపోయిన పాత అట్ట పెట్టుకుని ఆయన రాస్తున్నాడు. భిలాయిలోని ఆ కాలేజీలో చూపులేని విద్యార్థులకు పాఠాలు చదివిపెట్టడం, పరీక్షలు రాసిపెట్టడం పద్నాలుగేళ్లుగా ఆయన పని. తను చదివింది ఇంటరే గాని, బీఏ చరిత్ర అంతా నోటికొచ్చు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పోయినేడు ఇదే గదిలో గిరీష్ దండి యాత్ర సంవత్సరం తప్పు చెప్పాడు. తాముండే క్యాంప్ 2 బస్తీలో పక్కింటి కుర్రాడు, ఊహ తెలిసినప్పటినుంచీ బాబాయ్ అంటూ తిరిగినవాడు. పర్యవేక్షకుడికి తెలుగు రాదు కదా అని, దగ్గు వచ్చినట్టు దగ్గి "ముప్పై రా" అనేశాడు సింహాద్రి. గిరీష్ పాసయ్యాడు. ఆ మార్కు వాడికి గొంతు దిగలేదు. వాడే ఆఫీసుకెళ్లి చెప్పేస్తే ఫలితం రద్దయింది, సింహాద్రికి హెచ్చరిక కాగితం వచ్చింది. "వాళ్లకి మీ చెయ్యి ఇవ్వండి, బుర్ర కాదు" అంది చూపులేని విద్యార్థుల విభాగం చూసే కుముదిని మేడమ్. అయినా ఈసారి కూడా ఆయనే రాయాలని గిరీష్ పట్టుబట్టాడు. వాడికిది ఆఖరి అవకాశం. తప్పితే డిగ్రీ లేదు.

"క్విట్ ఇండియా ఉద్యమం 1943 ఆగస్టులో..." అన్నాడు గిరీష్.

కలం ఆగింది. నలభై రెండురా నాయనా! ఆ పాఠం చదివి ఫోనులో రికార్డు చేసిచ్చింది తనే. ఒక్క దగ్గు చాలు. పర్యవేక్షకుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. దూరంగా ఉక్కు ప్లాంటు సైరన్ మోగింది. సింహాద్రి పళ్లు బిగించి 1943 అనే రాశాడు. గిరీష్ చదివి వినిపించమంటే గొంతు తడబడకుండా చదివాడు.

గంట కొట్టి కాగితాలు తీసుకున్నాక ఇద్దరూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. మధ్యలో పెట్టిన అట్ట గిరీష్ చేతికి తగిలింది. పదో తరగతిలో పోయింది వాడి చూపు, అంకెలు వేళ్లకి గుర్తే.

"ఇంత గట్టిగా ఒత్తీసినావేటి బాబాయ్? నలభై మూడు..." వాడి వేలు ఆగింది. "అయ్యో, నలభై రెండు గదా!"

సింహాద్రి కలానికి మూత పెట్టాడు.

"తెలిసే రాసినావా?"

"నువ్వు సెప్పిందే రాసినాన్రా."

గిరీష్ మొహం వాడిపోయింది. తడిమి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "పోన్లే బాబాయ్. పాసయినా ఫెయిలయినా, ఈపాలి మార్కు నాదే."

కర్ర తీసుకుని మెట్లు దిగాడు. సింహాద్రి గబుక్కున లేచి భుజం పట్టబోయి, వాడు అడగలేదు కదా అని ఆగిపోయాడు.

తిన్నగా కుముదిని మేడమ్ గదికి వెళ్లాడు. "రాసేవాళ్ల పట్టీలోంచి నా పేరు కొట్టేయండి మేడమ్. ఇవాళ నెగ్గుకొచ్చాను. రేపు మళ్లీ సొంతవాళ్లెవరైనా వస్తే దగ్గేస్తాను" అన్నాడు హిందీలో. ఆమె పట్టీ తీసి, పేరు మీద గీత గీసింది. సైకిలెక్కి క్యాంప్ 2 దారి పట్టాడు సింహాద్రి.

వరండా బల్ల మీద అట్ట అక్కడే ఉండిపోయింది. పద్నాలుగేళ్ల రాతలన్నీ అందులో ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోయాయి, 1943 మాత్రం వేలు పెడితే దిగేంత లోతుగా ఉంది.